నాకు దక్కని శుభాకాంక్షలు

ఆ రోజు పొద్దున్నే ఐలెన్ మా వంటింట్లోకి వచ్చి అందరినీ కౌగిలించుకుంది, నన్ను తప్ప.

అందరూ అంటే ఎంతోమంది కాదు. నేలిదా బామ్మగారి మేడ మీద అద్దెకుండేది ముగ్గురం. పెరూ నుంచి వచ్చిన విల్మర్, వెనెజువెలా నుంచి వచ్చిన యుస్మారి, కొలంబియా నుంచి వచ్చిన నేను, ఫెర్నే. ఐలెన్ బామ్మగారి మనవరాలు. కింది వాటాలో ఉంటుంది, వీధి చివర సైకిళ్ళు బాగుచేసే దుకాణం నడుపుతుంది. నేను ఈ రొసారియో ఊరికి వచ్చిన కొత్తలో నా సైకిల్ చెయిన్ చూసి, "దీన్ని నువ్వు తొక్కుతున్నావా, ఈడ్చుకెళ్తున్నావా?" అని అడిగింది. నాకు ఆ రోజునుంచే ఆమె అంటే ఇష్టం. నా సైకిల్ వారం వారం పాడవడానికి కారణం కూడా అదే.

బయట జూలై వాన, ఒళ్ళు వణికించే చలి; ఈ దేశంలో జూలై అంటే చలికాలం.

"స్నేహితుల రోజు శుభాకాంక్షలు రా విల్మర్!" అంటూ ఐలెన్ వాడి చేతిలో ఎర్ర కాగితం చుట్టిన బిస్కెట్టు పెట్టింది. పాలకోవా మధ్యలో పెట్టి తనే చేసిన జంట బిస్కెట్టు. "నీకూ అక్కా!" అని యుస్మారికి ఇంకొకటి ఇచ్చింది.

తరువాత నావైపు తిరిగింది. నేను లేచి నిలబడ్డాను. చేతులు కూడా కాస్త చాచాను, తలచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది.

"కిటికీ మూసెయ్, జల్లు కొడుతోంది" అని చెప్పి, మెట్లు దిగి వెళ్ళిపోయింది.

రోజూ బుగ్గ మీద పెట్టే ముద్దు కూడా లేదు. ఈ ఊళ్ళో నీళ్ళ సీసాలు తెచ్చినతనికైనా అది పెడతారు.

"ఏం చేశావురా?" అన్నాడు విల్మర్ నోటినిండా బిస్కెట్టుతో.

"ఏమీ చెయ్యలేదు!"

"ఏమీ చెయ్యకపోతే ఆడపిల్ల కిటికీ గురించి మాట్లాడదు. మొన్న ఆవిడ చేదుగా తాగే మాతే టీలో చక్కెర వేసింది నువ్వే కదా?"

"అది తాగి నవ్వింది కూడా!"

"కోపాన్ని నవ్వులో దాచుకుంది, పాపం" అంది యుస్మారి. గోళ్ళకి రంగులేసే సెలూన్లో పనిచేస్తుంది కాబట్టి ఆడవాళ్ళ మనసులన్నీ తనకు తెలుసని ఆమె నమ్మకం. "చూడు నాయనా, మా దేశంలో ప్రేమకీ స్నేహానికీ కలిపి ఒకటే పండగ. లవర్‌కీ చెప్తాం, ఫ్రెండ్‌కీ చెప్తాం."

"మా దగ్గరా అంతే" అన్నాడు విల్మర్.

మా దగ్గరా అంతే. మా కొలంబియాలో అది సెప్టెంబర్‌లో వస్తుంది.

"మరింకేం! ఇష్టమున్నవాళ్ళందరికీ చెప్పే రోజున నీకు చెప్పలేదంటే, నువ్వు ఏ లెక్కలోనూ లేవన్నమాట" అని తేల్చేసింది యుస్మారి.

నేను గోడ గడియారం వైపు చూశాను. ఎందుకంటే ఆ సాయంత్రం ఆరింటిలోగా నేనొక జవాబు చెప్పాలి. నేను పనిచేసే ఐస్‌క్రీమ్ షాపు యజమాని ఒస్వాల్దో మెండోసాలో కొత్త షాపు తెరుస్తున్నాడు, దాన్ని నన్ను చూసుకోమన్నాడు. మెండోసా అంటే ఒక పూటంతా బస్సు ప్రయాణం. ఐలెన్ మనసులో నేనున్నానని తెలిస్తే ఉండిపోదామని, లేదని తెలిస్తే వెళ్ళిపోదామని నాలుగు రోజులుగా జవాబు సాగదీస్తున్నాను.

ఏ తప్పు చేశానో తెలియకపోయినా క్షమాపణ అడగడం మంచిదనుకున్నాను. ఐలెన్‌కి ఇష్టమైన ఐస్‌క్రీమ్ అరకిలో డబ్బా పట్టుకుని వానలో తడుస్తూ దుకాణానికి వెళ్ళాను.

ఐలెన్ ఒక చక్రాన్ని గిర్రున తిప్పి చూస్తోంది. ముక్కు మీద గ్రీజు మరక. నన్ను చూడగానే ఆ చక్రాన్ని చేత్తో ఆపేసింది.

"మళ్ళీ పాడైందా?"

"లేదు. ఇది నీకు." డబ్బా బల్ల మీద పెట్టాను. దారంతా వల్లెవేసుకున్న మాటలు ఒక్క ఊపులో చెప్పేశాను. "స్నేహితుల రోజు శుభాకాంక్షలు ఐలెన్! ఈ దేశంలో నాకున్న అందరికంటే మంచి స్నేహితురాలివి నువ్వే!"

ఆమె ముఖంలో అప్పటిదాకా ఏదో వెలుగుండేదని, అది ఆరిపోయాక గాని నాకు తెలియలేదు.

"స్నేహితురాలినా?"

"అవును! అందరికంటే!"

"అందరికంటేనా. చాలా సంతోషం." పానా తీసి పెట్టెలోకి విసిరింది. "ఒంటిగంట అవుతోంది, షాపు కట్టెయ్యాలి. వెళ్ళు ఫెర్నే."

"ఐస్‌క్రీమ్..."

"నీ స్నేహితురాళ్ళలో ఇంకెవరికైనా ఇవ్వు." డబ్బా తిరిగి నా చేతిలో పెట్టి బయటికి నెట్టింది.

నా ముక్కు ముందే షట్టర్ దిగింది. పొగిడితే ఎవరికైనా కోపం వస్తుందా? వానలో నిలబడి ఎంత ఆలోచించినా అంతుపట్టలేదు. చేతిలో ఐస్‌క్రీమ్ కూడా కరగలేదు, అంత చలి.

ఇల్లు చేరి పెట్టె సర్దడం మొదలుపెట్టాను. నాలుగున్నరకి నేలిదా బామ్మగారు మధ్యాహ్నం కునుకు తీసి లేచి, చప్పుడు విని మేడ మీదికి వచ్చారు.

"ఎక్కడికిరా అబ్బాయ్, చొక్కాలన్నీ అలా కుక్కేస్తున్నావు?"

"మెండోసాకండీ. ఉండి ఏం లాభం? మీ మనవరాలికి నేనంటే గిట్టదు. పొద్దున నాకు శుభాకాంక్షలు కూడా చెప్పలేదు."

"చెప్పలేదా?"

"లేదండీ. నేనే వెళ్ళి చెప్పి, మంచి స్నేహితురాలివన్నాను. కస్సుమంది."

బామ్మగారు నన్ను ఎగాదిగా చూసి, మంచం మీద కూలబడి, కళ్ళజోడు తీసి మరీ నవ్వారు. నేను మంచినీళ్ళు తెచ్చి ఇవ్వాల్సి వచ్చింది.

"ఒరే వెర్రి నాయనా! మా దేశంలో ఈ రోజు స్నేహితులకేరా, ఉత్త స్నేహితులకే! ప్రేమించినవాడికి ఎవరైనా ఈ మాట చెప్తారా? మా ఆయన పెళ్ళికి ముందు ఒకసారి నాకు చెప్పాడు. నెలరోజులు తలుపు తియ్యలేదు నేను!"

నా చేతిలో చొక్కా జారిపోయింది.

"బిస్కెట్లు మూడు చేసిందిరా. నీది పట్టుకుని మెట్ల దగ్గర ఎంతసేపు నిలబడిందో! స్నేహితుడివని ఇవ్వడానికి చేతులు రాలేదు, ఇంకోటని చెప్పడానికి నోరు రాలేదు. చివరికి నా చేతిలో పెట్టి వెళ్ళింది."

"ఏదండీ అది?"

"తినేశాను. బాగుంది." లేచి నా వీపు మీద ఒక్కటి చరిచారు. "అయిదింటికి షాపు మళ్ళీ తెరుస్తుంది. మా పిల్లని ఏడిపించావో, అద్దె కాదు, నీ తోలు వసూలు చేస్తాను. పో!"

ఆ మెట్లు నేను ఎలా దిగానో నాకు తెలియదు. ఐలెన్ అప్పుడే షట్టర్ ఎత్తుతోంది. నేను సగంలోనే వంగి లోపలికి దూరాను.

"మళ్ళీ ఎందుకొచ్చావు?"

"మధ్యాహ్నం చెప్పింది వెనక్కి తీసుకుందామని."

"ఏది?"

"శుభాకాంక్షలు. అన్నీ. నువ్వు నాకు స్నేహితురాలివి కావు ఐలెన్. ఒక్కరోజు కూడా కావు. నా చెయిన్ దానంతటది ఎప్పుడూ ఊడలేదు, ప్రతివారం నేనే ఊడదీశాను."

ఆమె పెదవి బిగబట్టింది. "అది నాకు మూడోవారమే తెలుసు. మరి ఆ స్నేహితురాలి గోల ఏమిటి?"

"మా దేశాల్లో ప్రేమకీ స్నేహానికీ ఒకటే పండగ. నువ్వు చెప్పకపోతే, రెండిట్లోనూ లేననుకున్నాను."

అప్పుడే జేబులో ఫోన్ మోగింది. ఒస్వాల్దో. ఆరు కూడా కాలేదు, ఆ మనిషికి ఆగే గుణం లేదు.

"లేదండీ, నేను మెండోసా వెళ్ళను" అన్నాను ఐలెన్‌నే చూస్తూ. అటునుంచి కేకలు మొదలయ్యేలోగా ఫోన్ పెట్టేశాను.

ఆమె ముఖం పాలిపోయింది. "మెండోసా ఏమిటి? వెళ్ళిపోదామనుకున్నావా? ఒక్క బిస్కెట్టు ఇవ్వలేదని?"

"కౌగిలింత కూడా ఇవ్వలేదు."

చేతిలోని గ్రీజు గుడ్డ నా మీదికి విసిరింది. కళ్ళలో నీళ్ళున్నాయి, నవ్వు కూడా ఉంది. నా పరిస్థితీ అదే. ఆమె ముక్కు మీద మధ్యాహ్నపు మరక ఇంకా అలాగే ఉంది.

"మీ పండగ ఎప్పుడు?" అంది నెమ్మదిగా.

"సెప్టెంబర్‌లో."

"అబ్బో, ఇంకా రెండు నెలలు ఎవరాగుతారు" అని, ఎత్తిన షట్టర్‌ని మళ్ళీ కిందికి లాగేసింది.