కిటికీ గట్టు మీద ఆరు సెల్లులు

కీబోర్డు పోయింది. స్టాండు ఉంది. అడాప్టర్ గోడకు అలాగే ఉంది.

దాని స్విచ్చి కూడా వేసే ఉంది. చిన్న ఎర్ర దీపం వెలుగుతోంది. వైరు స్టాండు మీద నుంచి జారి, కొసనున్న గుండ్రటి పిన్ను నేలకు ఆనుతోంది.

ఏఎస్సై మదార్ సాహెబ్ గుమ్మంలో నిలబడి ముందు అదే చూశాడు. మంగళవారం సాయంత్రం ఏడుంబావు. భవానీపురంలో రెండు గదుల ఇల్లు.

"ఎన్నింటికి చూశారు?"

"ఆరూ నలభైకండి. డ్యూటీ దిగి వచ్చేసరికి."

"డ్యూటీ ఎక్కడ?"

"ఆటోనగర్. లేత్ పని."

"పొద్దున వెళ్ళింది?"

"ఎనిమిదిన్నరకి."

"ఇంకేం పోయాయి?"

"ఏమీ పోలేదండి."

ఇంటాయన పేరు ఏసుపాదం. యాభై దాటి ఉంటాయి. గొంతులో ఎత్తూ లేదు, పల్లమూ లేదు. పక్కింటి సంగతేదో చెబుతున్నట్టు చెప్పాడు. కంప్లైంటు ఇచ్చింది కూడా ఆయన కాదు. పక్కింటాయన చూసి ఫోన్ చేశాడు.

బీరువా తాళం అలాగే ఉంది. టీవీ కదల్లేదు. గోడ మీద భార్య సలోమి ఫోటో. పోయి ఏడాది. వెనక తలుపు గడియ వదులు. సందులోంచి పుల్ల పెట్టి లేపితే ఊడొస్తుంది.

"ఈ సంగతి ఎవరికి తెలుసు?"

"వీధంతా తెలుసండి."

హెడ్ కానిస్టేబుల్ వెంకటసుబ్బారావు ముందుగది కిటికీ దగ్గర నిలబడి నవ్వాడు.

"దొంగ తాపీగా నిమ్మకాయ నీళ్ళు కూడా కలుపుకు తాగాడు సార్. ఇదిగో, చెక్కలు వదిలేసి పోయాడు."

మదార్ సాహెబ్ దగ్గరికి వెళ్ళాడు. కిటికీ గట్టు మీద రెండు నిమ్మచెక్కలు. పిండినట్టు లేవు. దేనికో రుద్దినట్టు ఒక పక్క నల్లబడి ఉన్నాయి. వాటి పక్కనే ఆరు పెద్ద సెల్లులు, టార్చిలైట్లో వేసేవి. పొట్టలుబ్బి, తెల్లపొడి కారి ఉన్నాయి. ఎవరో బొమ్మల్ని పేర్చినట్టు వరసగా నిలబెట్టారు.

"ఇవెక్కడివి?"

"కీబోర్డు పొట్టలోవేనండి. అడుగున మూత ఉంటుంది. నేనెప్పుడూ తియ్యలేదు."

"నీళ్ళు తాగితే గ్లాసేదయ్యా?" అన్నాడు మదార్ సాహెబ్, హెడ్డు వైపు తిరగకుండానే. వెంకటసుబ్బారావు నవ్వు ఆపాడు.

"ఎలాంటి కీబోర్డండీ?"

"పాతది. అరవై ఒక్క మెట్లు. వంద టోన్లు, వంద రిథమ్‌లు. చర్చిలో వాయించేవాణ్ణి. మానేశాను."

"ఇప్పుడు అమ్మితే?"

"ఎవరూ కొనరండి."

"మరి ఆ మూలనున్న ఇన్వర్టర్ దాని వైరుకొక్కదానికే కలిపారేం? ఫ్యాను కూడా కలపలేదు."

ఏసుపాదం స్టాండు వైపు చూస్తూ నిలబడ్డాడు.

"దాంట్లో మా ఆవిడ గొంతుందండి."

శాంప్లింగ్ అని ఒక బటన్ ఉంటుంది. వెనక మైకు తగిలించి, అది నొక్కి ఏదైనా అంటే ఆ మాటను పట్టుకుంటుంది. రెండు సెకన్లే. ఆ తర్వాత మెట్టు నొక్కితే వీణా, ఫ్లూటూ కాకుండా ఆ మాటే పలుకుతుంది. కొన్న కొత్తలో సలోమికి చూపిస్తూ, ఏదైనా చెప్పవే అన్నాడట. ఆవిడకి తోచలేదు. "ఏం చెప్పమంటారూ?" అంది. యంత్రం అదే పట్టుకుంది.

"తర్వాత మరిచిపోయామండి. ఆవిడ పోయాక ఒకరోజు బటన్ తగిలింది. పలికింది."

"రోజూ వింటారా?"

"ఒక్కసారి. డ్యూటీ నుంచి వచ్చాక."

"కరెంటు పోతే?"

"చెరిగిపోతుందండి. లోపల సెల్లులుంటే అవి కాపాడతాయి. అవి చచ్చాయి. మూత సందులోంచి తెల్లపొడి రావడం చూశాను."

"కొత్తవి వేసుకోవచ్చుగా?"

"మూత తీస్తే ఏమవుతుందోనని."

"పోనీ, ఫోన్‌లోకి ఎక్కించుకోవచ్చుగా?"

ఏసుపాదం స్టాండు మీద చెయ్యి వేశాడు.

"ఫోన్‌లో దాచుకునేది పోయినవాళ్ళ గొంతు కదండీ."

వంగి, నేల మీది పిన్ను తీసి స్టాండు మీద పెట్టాడు. అది మళ్ళీ జారింది. "వైరు పీకేశారు. అంటే పోయినట్టే. ఇక ఆ పెట్టె దొరికినా ఒకటే, దొరక్కపోయినా ఒకటే."

మదార్ సాహెబ్ సెల్లుల వైపు ఇంకోసారి చూశాడు. తట్టిన సంగతి బయటపెట్టలేదు. ముప్ఫై ఏళ్ళ సర్వీసులో లేనిపోని ఆశ పెట్టి తిట్లు తిన్న సందర్భాలున్నాయి.

"వైరు పీకకూడదని ఎవరెవరికి తెలుసు?"

"అంతోనికి తెలుసండి. ఇప్పుడు చర్చిలో వాయించేది అతనే. దీన్ని అమ్మమని చాలాసార్లు అడిగాడు. ఇంకా, మొన్నాదివారం కూడికకు వచ్చినవాళ్ళందరికీ తెలుసు. ఇంట్లోనే, సలోమి సంవత్సరపు ప్రార్థన కూడిక. అందరి ముందూ అరిచాను."

"ఎవరి మీద?"

"మా అత్తగారి మీద. దుమ్ము తుడుస్తూ మెట్లు నొక్కింది. వద్దన్నా మళ్ళీ నొక్కింది. చెయ్యి లాగేశాను. ఆరు సెల్లులూ చచ్చాయి, వైరు కదిలితే అది పోతుంది అన్నాను."

"ఆవిడేమంది?"

"ఏమీ అనలేదండి. భోజనం చెయ్యకుండా బస్సెక్కింది."

*

బుధవారం పొద్దున తొమ్మిదింటికి అంతోని స్టేషన్ బెంచీ మీద ఉన్నాడు. వెంకటసుబ్బారావే పట్టుకొచ్చాడు. నిన్న మధ్యాహ్నం ఆ వీధిలోనే తిరిగాడట.

"తిరక్కేం చేస్తాను సార్? నా ఇల్లు ఆ వీధిలోనే," అన్నాడు అంతోని. ముప్ఫై ఏళ్ళ మనిషి. ఒళ్ళో మడతపెట్టిన ఇస్త్రీ చొక్కా. "సాయంత్రం గొల్లపూడిలో ప్రోగ్రాం ఉంది. టైముకి వెళ్ళకపోతే ఇంకోణ్ణి పెట్టేసుకుంటారు. ఇంకెప్పుడూ పిలవరు."

మదార్ సాహెబ్ అతనికి టీ చెప్పించాడు.

"ఆ పాత పెట్టె ఎందుకడిగావు?"

"దాంట్లో పాత రిథమ్‌లుంటాయి సార్. మా పెద్దోళ్ళకి కొత్తవి పెడితే చప్పట్లు కుదరవు. అంతే. నాకు పెన్‌డ్రైవ్ పెట్టే కీబోర్డుంది."

"సరే, నువ్వే దొంగవి. ముందు ఏం తీస్తావు?"

"సార్!"

"మాటవరసకి చెప్పు."

"అడాప్టరే తీస్తా. ఆ మోడల్‌కి మైనస్సు పిన్ను లోపలుంటుంది. బజార్లో దొరికేవాటికి ప్లస్సు లోపలుంటుంది. తెలీక పెడితే బోర్డు మాడిపోద్ది. అడాప్టర్ వదిలేసి కీబోర్డు తీసుకెళ్ళేవాడికి వాయించడం రాదన్నట్టే."

"లోపల సెల్లులు కారి స్ప్రింగులు చిలుము పట్టాయి. ఎలా తుడుస్తావు?"

"స్ప్రే ఉంటది సార్, నా బ్యాగులోనే. రెండుసార్లు కొడితే చాలు."

"నిమ్మచెక్కతో?"

"నిమ్మచెక్కేంటి సార్, చేపల కూరా?" అన్నాడు అంతోని. హెడ్డు ఫక్కున నవ్వాడు. అంతోని టీ ఊదుకుంటూ, "మా అమ్మ తోముద్ది నిమ్మచెక్కతో. ఇత్తడి చెంబులు," అన్నాడు.

మదార్ సాహెబ్ కుర్చీలోంచి లేచాడు. ఏసుపాదానికి ఫోన్ చేశాడు.

"డ్యూటీకి వెళ్ళకండి. పది నిమిషాల్లో మీ ఇంటి దగ్గర ఉంటాం. ఆ అడాప్టర్ తీసి దగ్గర పెట్టుకోండి."

"దాంతో పనేముందండీ?"

"పెట్టుకోండి."

ఫోన్ జేబులో వేసుకుని అంతోని వైపు తిరిగాడు. "జీపెక్కు."

"నన్ను వదిలేస్తారనుకున్నా సార్!"

"వదిలేస్తా. నిన్ను దొంగన్నది ఏసుపాదం వినే ఉంటాడు. కాదన్నది కూడా వినాలిగా. మధ్యాహ్నానికి వచ్చేద్దాం."

"ఎక్కడికి సార్?"

"మైలవరం."

*

ఇబ్రహీంపట్నం దాటింది. కొండపల్లి దాటింది. ఏసుపాదం ఒళ్ళో క్యారేజీ సంచి. అందులో క్యారేజీ లేదు. అడాప్టర్ ఉంది. ఎందుకు పిలిచారని అడగలేదు. మైలవరం బోర్డు కనిపించినప్పుడు మాత్రం, "ఇక్కడ మా అత్తగారుంటారండి," అన్నాడు.

"తెలుసు. మీ పక్కింటాయన చెప్పాడు."

ఎలిజబెత్‌కు డెబ్భై దాటాయి. ఆసుపత్రిలో ఆయాగా చేసి మానుకుంది. రేకుల ఇల్లు. తలుపు బార్లా తీసి ఉంది. పోలీసు జీపు చూసి లోపలికి పోలేదు. అల్లుణ్ణి చూసి తల మీదికి కొంగు లాక్కుంది.

"రండి బాబూ. టీ పెట్టనా?"

ముందుగదిలో నవారు మంచం. మంచం మీద దుప్పటి కప్పి పొడుగ్గా ఏదో ఉంది. మదార్ సాహెబ్ దుప్పటి తీయలేదు. మంచం పక్కన నిలబడ్డాడు. ఏసుపాదం గోడకానుకున్నాడు. అంతోని గుమ్మంలో ఆగిపోయాడు.

"మామూలు దొంగ ఏం చేస్తాడు? వైరు పీకుతాడు, చంకన పెట్టుకుంటాడు, పోతాడు. రెండు నిమిషాల పని," అన్నాడు మదార్ సాహెబ్. "ఈ దొంగ అలా చెయ్యలేదు. వైరు ఉండగానే పెట్టెను తిరగేసి మూత విప్పింది. ఉబ్బిన సెల్లుల్ని ఒక్కొక్కటీ ఊడదీసింది. వంటింట్లోకి వెళ్ళి నిమ్మకాయ కోసుకొచ్చింది. చిలుము పట్టిన స్ప్రింగుల్ని ఇత్తడి చెంబు తోమినట్టు తోమి, తుడిచి, ఆరబెట్టింది. కొత్త సెల్లులు వేసింది. అప్పుడు తీసింది వైరు. తక్కువలో తక్కువ గంట పని. ఆ గంటలో ఎవరైనా రావచ్చు. కీబోర్డు కావలసినవాడు ఆ గంట అక్కడ ఉండడు. గొంతు కావలసిన మనిషే ఉంటుంది."

గుమ్మంలోని అంతోని వైపు వేలు చూపించాడు.

"ఈ అంతోని అయితే అడాప్టర్ వదలడు. నిమ్మకాయ జోలికి పోడు. వైరు సంగతి, ఆరు సెల్లుల సంగతి ఆదివారమే విని, మర్నాటికల్లా సెల్లులు కొనిపెట్టుకుని, వంటింట్లో నిమ్మకాయలెక్కడుంటాయో తెలిసిన మనిషి ఒక్కరే." ఆవిడ వైపు తిరిగాడు. "నిన్న ఏ బస్సుకి వచ్చావమ్మా?"

"పన్నెండింటి బస్సుకి. ఒళ్ళో పెట్టుకుని."

"అల్లుణ్ణి అడిగితే ఇచ్చేవాడుగా. ఎందుకిట్టా చేశావు?"

"ఏం చెప్పమంటారూ?" అంది ఎలిజబెత్.

ఏసుపాదం తలెత్తాడు. నిన్నటి నుంచి అతను తలెత్తి ఒక మనిషి ముఖంలోకి చూడటం మదార్ సాహెబ్ చూడలేదు. ఇప్పుడు చూశాడు. సలోమి మాటే. కొసన అదే సాగదీత.

ఆవిడ దుప్పటి తీసింది. కీబోర్డు మీద దీపం సన్నగా వెలుగుతోంది. ఏసుపాదం ఆ దీపం వైపు వంగి చూశాడు.

"పోలేదు బాబూ. ఉంది," అంది ఎలిజబెత్ అల్లుడితో. "మీరెప్పుడూ నడిమి మెట్టు ఒక్కటే నొక్కుతారు. అది మీ సలోమి. ఆదివారం దుమ్ము తుడుస్తుంటే నాకీ చివరది తగిలింది."

ముడతలు పడ్డ వేలు కుడివైపు కొస దాకా వెళ్ళి ఒక మెట్టు మీద ఆగింది. నొక్కింది.

"ఏం చెప్పమంటారూ?"

సన్నటి గొంతు. గబగబా వచ్చింది. అయిదేళ్ళ పిల్ల అడిగినట్టుంది.

"పైమెట్లకి పోయేకొద్దీ పిచ్ పెరుగుద్ది సార్, అందుకే..." అంటూ మొదలుపెట్టిన అంతోని మధ్యలోనే మానేశాడు.

"సండే స్కూల్లో వాక్యం చెప్పవే అంటే నా కుచ్చిళ్ళు పట్టుకుని ఇట్టాగే అడిగేది," అంది ఎలిజబెత్. "అప్పటి ఫోటో కూడా లేదు నా దగ్గర. ఆ గొంతు మీకు తెలీదు బాబూ. అప్పటికి మీరెవరో మాకు తెలీదు. మళ్ళీ ఒక్కసారి నొక్కనివ్వమని అడుగుదామనుకున్నా. చెయ్యి లాగేశారు."

ఏసుపాదం గోడ దగ్గరే ఉన్నాడు.

"రాత్రి నుంచి గొంతు నీరసంగా వస్తోంది," అంది ఆవిడ. "ఎన్నిసార్లు నొక్కానో. సెల్లులు అయిపోతున్నాయి కాబోలు. మీకు ఫోన్ చేద్దామని లేచి, మళ్ళీ కూర్చున్నా. ఏ ముఖం పెట్టుకుని చెయ్యను?"

దీపం ఒకసారి మసకబారి మళ్ళీ వెలిగింది.

ఏసుపాదం సంచిలోంచి అడాప్టర్ తీశాడు. మంచం పక్కన మోకాళ్ళ మీద కూర్చున్నాడు. ముందు పిన్ను కీబోర్డులో పెట్టాడు. తర్వాత గోడ ప్లగ్గులో పెట్టి స్విచ్చి వేశాడు. దీపం నిండుగా వెలిగింది.

అలాగే కూర్చుని మెట్ల వైపు చూశాడు. అలవాటుగా వేలు నడిమి మెట్టు మీదికి వెళ్ళింది. అక్కడ ఆగింది. మెల్లిగా కుడివైపు జరిగింది.

"ఏం చెప్పమంటారూ?" అంది పిల్ల.

అతను మళ్ళీ నొక్కాడు.

మదార్ సాహెబ్ బయటికి వచ్చి జీపు పక్కన నిలబడ్డాడు. చాలాసేపటికి ఏసుపాదం వచ్చాడు. చేతిలో ఖాళీ సంచి.

"కేసేం చేద్దామండీ?"

"నేను పెట్టలేదండి. పక్కింటాయన పెట్టాడు."

"సరే. ఆయనతో నేను మాట్లాడతా. కీబోర్డు?"

ఏసుపాదం జీపెక్కి కూర్చున్నాడు. సంచి మడత పెట్టాడు. అంతోని భుజం మీద చెయ్యి వేసి, "నీ ప్రోగ్రాం చెడగొట్టాను తమ్ముడూ," అన్నాడు.

"ఇంకా టైముందన్నా."

జీపు కదిలింది. ఊరు దాటేదాకా ఏసుపాదం వెనక్కి చూస్తూనే ఉన్నాడు.

"ఇక్కడ కరెంటు బాగా పోతుందండి," అన్నాడు ఎప్పటికో. "ఇంట్లో ఆ ఇన్వర్టర్ విప్పి ఇక్కడికి తేవాలి. ఎంతసేపు పడుతుందండీ విప్పడానికి?"