భద్రం అన్న గొంతు

మిట్టమధ్యాహ్నం పన్నెండు గంటలు... అయినా ఆకాశం కాటుక పులుముకున్నట్టు నల్లబడింది! ఉరుము మీద ఉరుము! పగటివేళ కూయరాని గుడ్లగూబ ఒకటి కిటికీ చువ్వ మీద వాలి కర్ణకఠోరంగా కూసింది!

లోపల హెడ్‌ఫోన్లు తగిలించుకుని కూర్చుంది అక్క. పసిపిల్లల బడిలో టీచర్. ఆమె గొంతు వింటే ఏడ్చే పిల్లలు కూడా ఊరుకుంటారు. సెలవు దొరికితే చాలు, ఆమెకు ఒకటే వ్యసనం... ‘రెక్కల తాబేలు’ కార్టూన్ సినిమాలు! ఆ అయిదు సినిమాల పోస్టర్లు, పాటలు, చిత్తు బొమ్మలు, ఏది దొరికినా అభిమానులంతా కలిసి ఆన్‌లైన్ భాండాగారంలో దాచేవారు. ఇంట్లో ఉప్పు డబ్బా ఎక్కడుందో ఆమెకు తెలియదు గానీ, మూడో సినిమాలో తాబేలు ఎన్నిసార్లు తుమ్మిందో తెలుసు!

ఆ భాండాగారానికి ఒక ఆచారం ఉంది. ప్రతి రికార్డింగునూ ఎవరో ఒకరు పూర్తిగా వినాలి. విన్నాక దాని చివర తమ గొంతుతో “విన్నాను, పూర్తిగా ఉంది, భద్రం” అని చెప్పి అతికించాలి.

ఆ రోజు ఆమె ముందున్నది పాత క్యాసెట్. పైన పుర్రె బొమ్మ! మూడో సినిమాలో మాంత్రికుడికి గొంతిచ్చిన డబ్బింగ్ కళాకారుడు చదివిన మంత్రం అది. సినిమాలోంచి కోసేశారు. అతడు నటించలేదనీ, సాక్షాత్తూ క్షుద్రోపాసకుడనీ, చచ్చేముందు తన ప్రాణాన్ని ఆ మంత్రంలో బంధించాడనీ ఈ పిచ్చితల్లికేం తెలుసు?

విన్నది... నేరుగా భాండాగారంలోకి ఎక్కించింది... “విన్నాను, పూర్తిగా ఉంది, భద్రం” అంది.

అంతే! క్యాసెట్ బూడిదై రాలింది! కెవ్వుమన్న కేక!

పక్క గదిలో గడియారం బాగుచేస్తున్న తమ్ముడు పరుగెత్తుకొచ్చాడు.

“అక్కా! ఏమైందక్కా?”

ఆమె తల తిప్పింది. ఎర్రబారిన కళ్లు! నోరు తెరిస్తే వచ్చింది మగగొంతు!

“అక్క గొంతు నా చెరలో ఉందిరా! నా మంత్రం చివర తానే తెచ్చి కట్టేసింది! దీనికి వెయ్యి నకళ్లు పూర్తయ్యాయంటే... ఈ ఒళ్లు కూడా నాదే! హ్హ... హ్హ... హ్హ!”

తమ్ముడు ఆ ఫైలు పెట్టి విన్నాడు. మంత్రం ముగిసిన చోట సన్నని ఏడుపు...

“తమ్ముడూ... ఇక్కడంతా చీకటిరా... నన్ను తీసుకెళ్లరా...”

తుడిచేద్దామంటే అందులో అక్క గొంతు! ఉంచుదామంటే అందులో వాడి ప్రాణం! ముందు నుయ్యి, వెనుక గొయ్యి. పాలుపోక అభిమానులందరికీ రాశాడు: “ఈ ఫైలు ప్రమాదం. ఎవరూ నకలు తీయకండి. తుడిచేయాల్సి రావచ్చు.”

తుడిచేయడం! ఆ జనం చెవిన పడకూడని మాట అదొక్కటే.

“కంగారు పడకండి తమ్ముడు గారూ! మేమున్నాంగా, పోనివ్వం!” అంటూ తలా ఒక నకలు తీసి భాండాగారంలోనే తమ తమ అరల్లో దాచారు. మూడు వందలు... ఏడు వందలు... అతడు వద్దని మొత్తుకున్నకొద్దీ వాళ్లు మరింత జాగ్రత్తపడ్డారు!

తొమ్మిది వందల తొంభై తొమ్మిది! అక్క శరీరం గాల్లోకి లేచింది!

సరిగ్గా అప్పుడు కంప్యూటర్ తెర తెల్లబడింది. ‘హక్కుదారుల ఆదేశం మేరకు ఈ భాండాగారం తొలగించబడుతోంది.’

ఎక్కడో ఒక ఆఫీసులో, సినిమా కంపెనీ ఉద్యోగి ఒకడు మీట నొక్కి భోజనానికి లేచాడు. వాడికి మంత్రమూ తెలియదు, మాంత్రికుడూ తెలియదు.

“ఎవడ్రా వాడు? ఏ దేవతను కొలిచాడు? ఆపరా... ఆపు!” నకలు వెంట నకలు మాయమవుతుంటే మాంత్రికుడు గావుకేక పెట్టాడు!

తమ్ముడు కూడా ఆపమనే ఆ సినిమా కంపెనీకి ఫోన్ చేశాడు. “ఒక్క ఫైలండీ! మా అక్క ఉందండీ అందులో!”

“మీ అభ్యర్థనను పది పనిదినాల్లో పరిశీలిస్తాం,” అంది యంత్రం.

చివరి నకలు పోయింది. మాంత్రికుడి ఆర్తనాదం సగంలో తెగింది! అక్క దబ్బున కిందపడి, కాసేపటికి కళ్లు తెరిచింది. చల్లని, తన కళ్లే. తమ్ముణ్ణి చూసి నోరు తెరిచింది. పెదవులు కదిలాయి. చప్పుడు లేదు.

గొంతు పట్టుకుని మళ్లీ ప్రయత్నించింది. మళ్లీ... మళ్లీ...

“వినిపిస్తోందక్కా,” అన్నాడు తమ్ముడు.