ఐదు రంగుల బయానా

"నా అకౌంట్ల నుంచి ఏడువేల ఆరువందలు ఎట్ల పోయినయ్? చెప్పు!"

సోలాపూర్ దాజీ పేట్‌లో పన్నెండు సాంచాలు, అంటే కరెంటు మగ్గాలు, ఒకేసారి ఆడుతున్న షెడ్డులో నిలబడి ఈ మాట అడగాలంటే గొంతు చించుకోవాలి. ప్రణాలి చించుకుంది. నాలుగు సాంచాల మధ్య అటూ ఇటూ తిరుగుతూ తెగిన పోగులు ముడివేస్తున్న ఋషికేశ్ తలెత్తాడు. జుట్టు నిండా దూది. కనురెప్పల మీద కూడా దూదే. ఆమెను చూసి నవ్వాడు.

ఆ నవ్వు చూసి ఆమెకు ఇంకా మండింది.

"నవ్వుతవేంది? బయటికి రా!"

"సాంచ ఆపాలె."

"ఆపు మరి!"

నాలుగూ ఆపి బయటికి వచ్చాడు. మంగళవారం పొద్దున పది గంటలు. ప్రణాలి ఫోను తీసి అతని ముఖం ముందు పెట్టింది.

"చదువు."

"ఇంగ్లీష్ల ఉంది."

"పైసలు ఏ భాషల పోయినా పోయినట్టే. ఇవి నీ బొమ్మ పైసలు. నీ అగ్నిక!"

అగ్నిక అంటే ఒక వీడియో గేమ్‌లో కత్తి పట్టుకుని తిరిగే పిల్ల. ఆ పిల్లను జానెడు బొమ్మగా ఐదు రంగుల్లో చేస్తామని ఏదో విదేశపు కంపెనీ ప్రకటించింది. చేసేది తర్వాత, ఆర్డర్ ముందు. బొమ్మలు కూడబెట్టే పిచ్చి ఉన్నవాళ్లు దాన్ని ప్రీ ఆర్డర్ అంటారు. ఋషికేశ్‌కు ఆ పిచ్చి ఉంది. మూడు నెలల కింద అతను కుమఠా నాకా దగ్గర ప్రణాలి పనిచేసే ఆన్‌లైన్ సెంటర్‌కు వచ్చాడు, నెలనెలా లైటు బిల్లుకు వచ్చినట్టే. అక్కడ ఆమె ఊరివాళ్ల ఫారాలు నింపుతుంది, లైటు బిల్లులు కడుతుంది. విదేశానికి ఆర్డర్ పెట్టడం అతనికి అదే మొదటిసారి; కంపెనీ అతని కార్డును తీసుకోలేదు. "నీ కార్డు కొట్టు, నేను నగదు ఇస్త," అన్నాడు. ఐదు రంగులకూ ఆర్డర్ పెట్టించాడు. ఒక్కోదానికి డిపాజిట్ రెండు వందలు. వెయ్యి రూపాయలు లెక్కపెట్టి ఇచ్చాడు.

"మిగిలినయ్?" అని ఆ రోజే అడిగింది ఆమె.

"బయానా ఇచ్చినం గద. మాల్ వచ్చినంక చూసి ఒక్కటి తీసుకుంట. తక్కిన నాలుగింటి బయానా పోతది. పోనీ."

ప్రణాలికి ఇందులో తప్పేమీ కనిపించలేదు. ఎలా కనిపిస్తుంది? ఆమె పుట్టింది సాంచాల మధ్య. చాదర్ల వ్యాపారి ఐదు రంగులకు కాస్త ముందు సొమ్ము, బయానా, ఇస్తాడు. నేసినవాడు కబురు పెడతాడు. వ్యాపారి వస్తాడు, బట్ట చేత్తో పట్టి చూస్తాడు, నచ్చినదానికి మిగిలిన పైకం ఇస్తాడు, నచ్చనిదానికి బయానా వదులుకుంటాడు. తగువు లేదు. వ్యాపారి బట్ట చూడకముందే అతని గల్లాలో చేయి పెట్టిన నేతగాడు ఈ పేటలో ఇంతవరకు పుట్టలేదు.

కంపెనీ మాత్రం పెడుతుంది. సరుకు సిద్ధం కాగానే మిగిలిన సొమ్ము కార్డులోంచి తీసేసుకుంటామని చీమ తలకాయంత అక్షరాల్లో రాసుకుంది. ఆ అక్షరాల పక్క గడిలో టిక్కు పెట్టింది ప్రణాలే. రోజుకు వంద టిక్కులు పెట్టే చెయ్యి. చదివే తీరిక ఎవరికుంది? తీరిక ఉండదని తెలిసే కదా అక్షరాలు అంత చిన్నగా రాసేది.

"చూడకుండ పైసలెట్ల గుంజుతరు?" అన్నాడు ఋషికేశ్. నటించడం లేదు. నిజంగానే అతనికి అర్థం కాలేదు.

ఫోను మళ్లీ మోగింది. ప్రణాలి చూసి నోరు తెరిచింది.

"అరే దేవా! మళ్ల కొట్టిండు! ఏడువేల ఏడువందలు! బొమ్మ అదే, పావుగంటల వంద ఎట్ల పెరిగింది?"

"ఇది నీలం రంగుది కావచ్చు. నీలం పిరముంటది."

"నీలం లేదు, నీ తలకాయ లేదు! డాలర్ రేటు మారింది. మీదికెళ్లి బ్యాంకోడు తన ముక్క కోసుకున్నడు."

చకచకా బ్యాంకు యాప్ తెరిచి, కార్డు విదేశాల్లో పనిచేయకుండా మూసేసింది. మిగిలిన మూడు బొమ్మలకు ఇక ఆ కార్డు దొరకదు. కానీ పోయినవి పోయాయి. పదిహేను వేల మూడు వందలు.

"ఇస్త ప్రణాలి. నెలనెల కొన్ని…"

"నెలనెల ఎవరికి గావాలె? ల్యాబ్ టెక్నీషియన్ కోర్సుల నాకు సీటు వచ్చింది. శనివారం ఐదు గంటల లోపట ముప్పై వేలు కట్టాలె. పొద్దున నా అకౌంట్ల ముప్పై ఒక్క వేలుండె. ఇప్పుడు సగం లేదు. శనివారం దాటితే సీటు ఇంకొకరికి పోతది. సమజ్ అయిందా?"

ఋషికేశ్ తల దించుకుని చేతులకంటిన దూది రాల్చుకున్నాడు. అతను ఎదురు మాట్లాడితే బాగుండేది, నాలుగు తిట్టేది. ఏమీ అనని మనిషిని ఏం చేయాలో ప్రణాలికి తోచలేదు. తిరిగి వచ్చేస్తూ వెనక్కి ఎందుకు చూసిందో అదీ తోచలేదు.

బుధవారం మధ్యాహ్నం అతను సెంటర్‌కు వచ్చాడు. తల కడుక్కుని వచ్చాడు. దూది లేకపోతే కొత్త మనిషిలా ఉన్నాడని ఆమెకు అనిపించింది. అనిపించినందుకు విసుగు కూడా వచ్చింది. ఇద్దరూ ఒకే కంప్యూటర్ ముందు కూర్చుని కంపెనీకి చాట్‌లో రాశారు. మాయ అనే పేరుతో జవాబు వచ్చింది.

"సరుకు చూడకముందే డబ్బు ఎందుకు తీసుకున్నారు?" అని కొట్టింది ప్రణాలి.

"అగ్నిక మీద మీకున్న ప్రేమ మాకెంతో సంతోషం," అంది మాయ.

"నా డబ్బు వాపసు ఇవ్వండి."

"మీ ఓపికకు ధన్యవాదాలు."

ఋషికేశ్ తెరలోకి తొంగి చూశాడు. "ముప్పై ఏండ్లు సాంచాల నడుమ పనిజేసి చెవులు పోయిన మనిషి లెక్కుంది ఈ మాయబాయి."

"మనిషి కాదు. మెషిన్."

"మెషినా? ముందుగాల చెప్పొద్దా? పానా తెచ్చుకుంటుంటి."

ప్రణాలి నవ్వేసింది. జిరాక్సుకు వచ్చిన ముసలాయన ఇద్దరినీ మార్చి మార్చి చూశాడు. ఆమె నవ్వు మింగేసి మళ్లీ కొట్టింది. అరగంటకు మాయ తేల్చింది. సొమ్ము తీసుకున్న ఆర్డర్లు రద్దు కావు. మిగిలిన మూడింటికి రెండు రోజుల్లో సొమ్ము అందకపోతే అవే రద్దవుతాయి, డిపాజిట్ వాపసు రాదు.

"అంటే మూడింటికి బయానా పోయి ఖతం," అన్నాడు ఋషికేశ్.

"అవ్."

"మనం అనుకున్నది గదే గద!"

"గదే. మూడింటికి నిజమైంది, రెండింటికి అబద్ధమైంది."

ఇద్దరూ ఒకరినొకరు చూసుకున్నారు. ఇలాంటి న్యాయం ఏ పంచాయితీలోనూ వినలేదు. అలా చూసుకోవడం అవసరమైనదానికంటే కాస్త ఎక్కువసేపు సాగింది.

గురువారం వాన. సోలాపూర్ వాన వస్తానని మాటిచ్చి రాని చుట్టం లాంటిది. ఆ రోజు మాత్రం వచ్చింది. తడుస్తూ వచ్చి ఋషికేశ్ ప్లాస్టిక్ సంచిలో చుట్టిన నోట్లకట్ట బల్ల మీద పెట్టాడు.

"పదిహేను వేల మూడు వందలు. ఫీజు కట్టు."

"యాడికెళ్లి తెచ్చినవ్?"

"తెచ్చిన."

"యాడికెళ్లి అని అడుగుతున్న!"

"వాసుదేవ్ సేట్ దగ్గర ఉచల్ తీసుకున్న."

ప్రణాలి చేతిలో పెన్ను ఆగిపోయింది. ఉచల్ అంటే షెడ్డు యజమాని ముందుగా ఇచ్చే సొమ్ము. సాయంలా కనిపిస్తుంది. సాయం కాదు, పలుపుతాడు. అది తీరేదాకా షెడ్డు విడవకూడదు, కూలి పెంచమని అడగకూడదు, పనివాళ్లు బందు పెడితే వాళ్లతో కూర్చోకూడదు. ప్రణాలి తండ్రి ఇంటి మీద రేకులు వేయించడానికి ఒకసారి ఉచల్ తీసుకుని తొమ్మిదేళ్లు అదే సాంచ దగ్గర నిలబడ్డాడు. చనిపోయిన రోజుకు కూడా అది తీరలేదు.

"వద్దు. వాపస్ ఇద్దాం పా."

"ఇయ్య. నీ సీటు పోతది."

"నా సీటు కోసం నువ్వు మెడకు తాడేసుకుంటవా? మా నాయన మెడల చూసిన తాడు చాలు నాకు. నడు!"

సెంటర్ షట్టర్ దించి వానలోనే నడిచింది. వెనక అతను. దాజీ పేట్ షెడ్డులో వాసుదేవ్ సేట్ నోట్లకట్టనూ ఆమెనూ చూసి కళ్లద్దాలు సర్దుకున్నాడు.

"పొద్దున ఉచల్ తీసుకున్నోడు మాపటికి తెచ్చుడు నా జిందగీల చూడలె, బిడ్డా."

"ఇప్పుడు చూడుండ్రి సేట్. వీని దస్కత్ ఉన్న చీటీ నాకియ్యుండ్రి."

చీటీ తీసుకుని అక్కడే నాలుగు ముక్కలు చేసింది. బయటికి వచ్చింది. ఇప్పుడు డబ్బు లేదు. ఎల్లుండి సీటు కూడా ఉండదు. ఇద్దరూ రేకుల చూరు కింద నిలబడ్డారు. వాన చప్పుడు, లోపల సాంచాల చప్పుడు. ఇంత జరిగినా ఈ మనిషి మీద కోపం ఎందుకు నిలవడం లేదో ఆమెకు అంతుపట్టలేదు.

"ఒక్కటి చెప్పు," అంది. "కావాల్సింది ఒక్క బొమ్మ. ఐదు ఎందుకు పెట్టించినవ్? నీకు ఏ రంగు నచ్చిందో నీకు తెల్వదా?"

"నాకు కాదు."

"మరి ఎవరికి?"

ఋషికేశ్ కాలితో నీళ్లను అటు తోశాడు, ఇటు తోశాడు.

"నీకు."

వాన ఆగలేదు. ప్రణాలి అతని వైపు తిరిగింది.

"ఐదూ తెచ్చి నీ టేబుల్ మీద పెడదామనుకున్న. వ్యాపారి చెయ్యి ముందుగాల దేని మీదికి పోతే అదే ఆయనకు నచ్చిన రంగంటరు. నీ చెయ్యి ఎటు పోతదో చూద్దామని. అడుగుదామంటే, ఎందుకు అడుగుతున్నవంటవ్. ఎందుకో చెప్పాలె. చెప్పుడు రాదు నాకు."

ప్రణాలికి వెంటనే ఇంకొకటి తట్టింది.

"ఆగు. నాకు ఇచ్చే బొమ్మకు నా కార్డే కొట్టిచ్చినవా?"

"…అవ్."

"నా పైసలతోని నాకే గిఫ్టా?"

"మాల్ వచ్చినంక ఇద్దామనుకున్న గద!"

ఈసారి నవ్వు మింగడం ఆమె వల్ల కాలేదు. గోడకు ఆనుకుని నవ్వింది. కళ్లలో నీళ్లు వచ్చాయి. అవి నవ్వువో సీటువో తేల్చుకోలేదు. అతను బిక్కముఖం వేసుకుని చూస్తున్నాడు. ఇది అవుననడమా, కాదనడమా?

"నీలాంటి పిచ్చోళ్లు ఈ దేశంల ఇంకెందరున్నరు?" కళ్లు తుడుచుకుంది.

"మా బొమ్మల వాట్సాప్ గ్రూపుల మూడు వందల మంది."

"పైసలు కట్టిన ఆ రెండు బొమ్మలు కావాలన్నోళ్లు ఉంటరా వాళ్లల్ల?"

"ఉండొచ్చు. మనం పైసలు కట్టినయ్ ఎర్రది, నీలంది. కంపెనీ దగ్గర అవి ఎప్పుడో ఐపోయినయ్."

"మరి అడగవేంది?"

"నవ్వుతరు. బయానా అనుకున్ననని ఎట్ల రాయాలె? నాలుగేండ్ల సంది అందరికీ సలహాలు చెప్తున్న ఆడ."

"ఉన్నది ఉన్నట్టు రాయి. నవ్వితే నవ్వనీ. మాయబాయి మీద కంటే మనుషుల మీద భరోసా ఎక్కువ నాకు."

శుక్రవారం పొద్దున అతను రాశాడు. ఏదీ దాచలేదు. మూడు వందల మందీ నవ్వారు, గ్రూపంతా నవ్వుబొమ్మలే. కానీ మధ్యాహ్నం లోపల పుణె నుంచి ఒకడు ఎర్రదానికి, నాగపూర్ నుంచి ఇంకొకడు నీలందానికి ఎనిమిదేసి వేలు పంపారు. "మేమూ మొదట్లో ఇట్లనే దెబ్బతిన్నం భావూ. బొమ్మ చేరినప్పుడు పంపు," అని రాశారు. ఆ డబ్బు అటు నుంచి అటే ప్రణాలి అకౌంటుకు పోయింది.

శనివారం నాలుగు గంటల పది నిమిషాలకు ప్రణాలి ఫీజు కట్టింది. ఈసారి ప్రతి గడి పక్కనున్న చిన్న అక్షరాలన్నీ గట్టిగా చదివించుకుని, అర్థం చేసుకుని, అప్పుడు టిక్కు పెట్టింది. చదివింది ఋషికేశ్, ఇంగ్లీషు రాదన్నవాడు కూడబలుక్కుని చదివాడు.

"ఇప్పుడు నీ దగ్గర ఒక్క అగ్నిక గూడ లేదు," అందామె.

"లేదు."

"మా ఇంటికి రా. పేటంతా అడుగుతున్నరు వీడెవడని. మా అమ్మ గూడ అడిగింది."

ప్రణాలి తల్లి గంగుబాయి గడపలో కూర్చుని ఒడిలో చేట పెట్టుకుని బీడీలు చుడుతోంది. తలెత్తకుండానే అడిగింది.

"వారం సంది నా బిడ్డ ఎంబడి తిరుగుతున్నవట. ఎందుకు?"

ఋషికేశ్ ఒక్కసారి ప్రణాలి వైపు చూశాడు. ఆమె సాయం చేయలేదు. ఏం చెబుతాడో ఆమెకూ వినాలని ఉంది.

"మావ్‌శీ, మీ బిడ్డకు బొమ్మ ఇద్దామని మీ బిడ్డ పైసలే పోగొట్టిన. పైసలు మళ్ల వచ్చినయ్, బొమ్మ పోయింది. మీ బిడ్డ అంటే నాకు ఇష్టం. గంతకు మించి నా దగ్గర ఏం లేదు. నాలుగు సాంచాలు నడుపుత. అవి గూడ సేట్‌వే."

గంగుబాయి చేతిలోని దారం ఆగింది. ఆకు పక్కన పెట్టి అతన్ని కిందినుంచి పైదాకా చూసింది.

"ఈమె నాయన నన్ను చూడనీకి వచ్చిన నాడు నాలుగు సాంచాలు సొంతమన్నడు. ఆర్నెల్లకు ఎరుకైంది, ఒక్కటి గూడ లేదని. అప్పటి సంది ఈ చేటనే ఇల్లు నడిపింది." ఊపిరి పీల్చుకుంది. "ఈ పేటల పుట్టిన, ఈ పేటల్నే ముసలిదాన్నయిన. మొగోడు గడపల నిలబడి నా దగ్గర ఏం లేదని చెప్పుడు ఇయ్యాలనే విన్న. కూసో. జొన్నరొట్టె తింటవా?"

ఋషికేశ్ నోరు తెరిచేలోపే ప్రణాలి అంది.

"తింటడు."

గంగుబాయి కూతురి వైపు తిరిగింది. ప్రణాలి గోడ మీది క్యాలెండర్ వైపు చూసింది. చెవులు మాత్రం ఎర్రబడ్డాయి.

"నిన్నడిగిననా?" అంది గంగుబాయి. ఆ తర్వాత ఒడిలోని చేట దించి, మోకాళ్ల మీద చేతులు ఆనించి లేచింది.

"సరే. రెండు కంచాలు తీసుకరా."