తగిలితే ‘ఆ’ అను

మందుల మీద పరిశోధన చేసే గది ఆసుపత్రి కింది అంతస్తులో, చిట్టచివర ఉంది. కిటికీ లేదు. మిట్టమధ్యాహ్నమైనా ట్యూబులైటే దిక్కు. స్పిరిట్ వాసన, రక్తం సీసాలు దాచే ఫ్రీజర్ రొద, ఒక పచ్చ కర్టెన్, కర్టెన్‌కి అవతల వచ్చినవాళ్ళు కూర్చోవడానికి ఒక బల్ల. దెయ్యాలు తిరిగే చోటు కాదు సుమండీ. అక్కడ తిరిగేది జబ్బు మనుషులూ, వాళ్ళకి సూదులు వేసే నర్సూ, అంతే.

రక్తంలో వచ్చే ఒక జబ్బుకి పాత మందు మంచిదా, కొత్త మందు మంచిదా అని తేల్చడం అక్కడి పని. రెండూ అచ్చం ఒకేలాంటి డబ్బాల్లో వస్తాయి. ఏది ఏదో డాక్టరుకీ తెలియదు, నర్సుకీ తెలియదు. ముందొచ్చిన మనిషికి ముందున్న డబ్బా. ఎంచుకోవడాలూ, బతిమాలుకోవడాలూ కుదరవు.

కానీ నర్సుకి కళ్ళున్నాయి కదా. పాత మందు పడితే చేతులు మొద్దుబారతాయి. ఈమధ్య డబ్బాలు తీసుకున్నవాళ్ళంతా వరుసపెట్టి చేతులు తిమ్మిరంటున్నారు. అంటే ఈసారి వచ్చేది కొత్తదే అయ్యుండాలని లెక్కేసుకుంది. ఆ రోజు బల్ల మీద ముందు కూర్చున్నది బట్టలు కుట్టే ఒకావిడ. ఆవిడ పక్కన, నర్సు సొంత చెల్లెలు. చెల్లెలని ఆసుపత్రిలో ఎవరికీ చెప్పలేదు. చెబితే ఆ పిల్లని అసలు చేర్చుకోరు.

“మీరు కాసేపు కూర్చోండమ్మా,” అని ఆవిడకి చెప్పి, చెల్లెల్ని లోపలికి పిలిచింది.

“దాందేముంది సిస్టర్, పాపం చిన్నపిల్ల, ముందు చూడండి,” అని ఆవిడే కాళ్ళు ముడుచుకుని దారిచ్చింది.

చెల్లెలు కోలుకుంది. మొహంలో కళ వచ్చింది, మళ్ళీ నోరూ లేచింది. తర్వాతి డబ్బా పడ్డ కుట్టుపని ఆవిడకి మాత్రం చేతులు మొద్దుబారాయి. “సూది దిగినా తెలియట్లేదు సిస్టర్. గుడ్డకి రక్తం అంటితేగానీ చూసుకోవట్లేదు,” అని నవ్వేది. జబ్బు తగ్గక కిందటి వారం ఆవిడ పోయింది.

ఆ మాట చెవినపడ్డప్పుడు నర్సుకి ఏడుపు రాలేదు. భయమూ వేయలేదు. ఇంటికెళ్ళింది, స్నానం చేసింది, అన్నం తింది. రుచి తెలియలేదు. ఆ రోజు నుంచీ ఏదీ తెలియడం లేదు.

ఇవాళ చెల్లెలి చేతులకి స్పర్శ పరీక్ష. లోపలికి తీసుకొచ్చి, కుర్చీలో కూర్చోబెట్టి, కర్టెన్ లాగింది. అవతల బల్ల ఖాళీగా ఉంది.

“చేతులు చాపు. కళ్ళు మూసుకో. ఈ దారం వేలికి తగిలినప్పుడల్లా...”

“ఆ అనాలి. నీ పాఠం నాకు కంఠతా వచ్చులే అక్కా!”

పుల్లకి కట్టిన సన్నటి నైలాన్ దారం అది. బొటనవేలికి ఆనించింది. “ఆ.” చూపుడువేలికి. “ఆ.” హమ్మయ్య, చేతులు బాగున్నాయి. ఇక మధ్యలో ఒకసారి తాకించకుండా ఊరుకోవాలి. ఊరికే ‘ఆ’ అంటున్నారేమో చూడ్డానికి అదొక పద్ధతి. నర్సు దారం పైకెత్తి ఆగింది.

“ఆ.”

“దొంగా! తగలందే అంటున్నావు.”

“తగిలిందిగా!”

నర్సు దారం పక్కన పెట్టేసింది. చేతులు వెనక్కి కట్టుకుని, ఒకడుగు వెనక్కి వేసింది.

“ఆ... ఆ...”

“ఎక్కడ?”

“చిటికెన వేలికి. ఇప్పుడు అరచేతిలో... అబ్బ, చల్లగా ఉంది. వేళ్ళు మడుస్తున్నావేంటక్కా?”

ఫ్రీజర్ రొద ఆగిపోయింది. స్పిరిట్ వాసన లేదు... కుట్టుమిషను నూనె వాసన. నర్సు చూస్తుండగానే చెల్లెలి చిటికెన వేలు వంగింది. తర్వాత ఉంగరపు వేలు. ఎవరో తీరిగ్గా ఒక్కొక్కటే పట్టుకుని మడుస్తున్నట్టు...

నర్సు గుసగుసగా అంది.

“వదిలెయ్యండమ్మా... దానికేమీ తెలియదు. చేసింది నేను... మీకు దండం పెడతాను...”

“ఎవరితోనక్కా?” చెల్లెలు కళ్ళు తెరవకుండానే అడిగింది.

వేళ్ళు మెల్లగా విచ్చుకున్నాయి. ఫ్రీజర్ మళ్ళీ మొదలైంది. నూనె వాసన పోయింది. నర్సుకి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. వారం రోజులుగా ఎక్కడ పోయిందో ఆ ఏడుపు, ఇప్పుడు ముంచుకొచ్చింది. ఆవిడ కనికరించింది. వెళ్ళిపోయింది.

“ఏం లేదులే. ఇంకొక్కసారి చూస్తాను, అలాగే ఉండు,” అని దారం అందుకుంది.

బొటనవేలికి ఆనించింది. చెల్లెలు పలకలేదు. దారం వంగిపోయేదాకా నొక్కింది. పలకలేదు. చూపుడువేలు... మధ్యవేలు... రెండో చెయ్యి... పలకలేదు.

ట్రేలోంచి సూది తీసింది. చెల్లెలి చూపుడువేలి చివర గుచ్చింది. ఎర్రగా చుక్క ఉబికింది.

చెల్లెలు కళ్ళు మూసుకుని, బుద్ధిగా, చేతులు చాపుకుని కూర్చుంది.

“ఏంటక్కా, ఇంకా మొదలుపెట్టవేం?”

కర్టెన్‌కి అవతల, ఖాళీ బల్ల మీంచి, ఎవరో మెల్లగా, ప్రాణం లేచొచ్చినట్టు అన్నారు.

“ఆ.”