లొరెయిన్ పేరు మీది సర్టిఫికెట్

కెనడాలోని విన్నిపెగ్‌లో ఆ మధ్యాహ్నం మైనస్ ముప్ఫై డిగ్రీలు. మా మెషీన్ల గదికి కిటికీల్లేవు కాబట్టి బయట ఎండైనా మంచైనా మాకొకటే. ఫ్యాన్ల హోరు, వేడెక్కిన ప్లాస్టిక్ వాసన. నేనూ, కిందటి నెలే కాల్గరీ నుంచి బదిలీ అయి వచ్చిన డ్వైట్, ఇద్దరమే ఉన్నాం.

మూడు ఆస్పత్రుల రోగుల రికార్డులకు వేసిన డిజిటల్ తాళాల చెవులన్నీ అక్కడ ఒక నల్లటి యంత్రంలో ఉంటాయి. మేం దాన్ని పెట్టె అంటాం. దానికి ఏటేటా కొత్త సర్టిఫికెట్, అంటే అది అసలైనదేనని చెప్పే డిజిటల్ పత్రం, ఎక్కించాలి. గడువు దాటిందా, ఆస్పత్రి కంప్యూటర్లు పెట్టెను నమ్మవు. ఏ డాక్టరుకీ ఏ రికార్డూ తెరుచుకోదు.

పదకొండేళ్లు ఆ పని లొరెయిన్ హ్రించుక్‌ది. నాతోపాటే ఉద్యోగంలో చేరింది.

"లొరెయిన్ చెయ్యి పడితేగానీ పెట్టె మాట వినదు," అనేవాడు మా బాస్ కర్ట్, నా మొహం మీదే. నేనూ నవ్వేదాన్ని. లోపల కుతకుత ఉడికిపోయేదాన్ని. ఆమె పుట్టినరోజుకి కేకు తెచ్చేది నేనే, కత్తి అందించేదీ నేనే.

కిందటేడు, గడువు హెచ్చరికలు వెళ్లే మెయిల్ జాబితాలోంచి ఆమె పేరు తీసేశాను. ఒక్క క్లిక్కు. హెచ్చరిక ఆమెకి అందలేదు, గడువు దాటింది, ఆరు గంటలపాటు ఆస్పత్రులు స్తంభించిపోయాయి. లొరెయిన్‌ని ఉద్యోగంలోంచి తీసేశారు. ఆ వారమే ఆమె కారు హైవే మీంచి మంచులోకి జారిపోయింది. తెల్లారేదాకా ఎవరూ చూడలేదు.

ఆమె కుర్చీ నాకొచ్చింది. అయినా సంతాపసభలో కర్ట్ కళ్లు తుడుచుకుంటూ, "అలాంటి మనిషి మళ్లీ దొరకదు," అన్నాడు. పోయాక కూడా నాకంటే ఆమే ఎక్కువ!

సర్టిఫికెట్ మార్చడానికి ఇద్దరి కార్డులు కావాలి. డ్వైట్ తన కార్డు పెట్టి, పాస్‌వర్డ్ కొట్టాడు. "నా వంతు అయిపోయింది. కాఫీ తెస్తా," అని బయటికెళ్లాడు.

మూడింటికి గడువు. ఇంకా ఇరవై నిమిషాలుంది. సర్టిఫికెట్‌కి బాధ్యులెవరో రాసే గడిలో నా పేరు కొట్టాను. నడీన్ ఫేర్. తెర ఒకసారి మినుకుమంది.

లొరెయిన్ హ్రించుక్.

పాత ఫారం కాబోలు అనుకుని చెరిపేశాను. మళ్లీ కొట్టాను. మళ్లీ ఆమె పేరే. ఈసారి ఒక్కో అక్షరం చూసుకుంటూ నొక్కాను. నా పేరులో మొదటి అక్షరం నొక్కితే... తెర మీద ఆమె పేరులో మొదటి అక్షరం పడింది.

తడిసిన ఉన్ని వాసన వేసింది. ఫ్యాన్ల హోరు సన్నగిల్లింది. చెవి దగ్గర ఎవరిదో ఊపిరి... చల్లగా.

"పక్కకి జరుగు..."

భయం కంటే ముందు నాకు కోపం వచ్చింది. నిజం. "పోయావుగా! ఈ పెట్టె ఇంకా నీదేనా?" అన్నాను పళ్ల బిగువున.

"నా పేరు ఎందుకు తీసేశావ్, నడీన్?"

గడియారం చూస్తే, టైమంతా ఎలా గడిచిపోయిందో తెలీలేదు. మూడుకి రెండు నిమిషాలు. మూడు ఆస్పత్రులు. ఆమె పేరు అలాగే ఉంచి 'సరే' బటన్ నొక్కాను. పచ్చ దీపం వెలిగింది. పెట్టె ఆమె మాటే విన్నది.

పరుగెత్తాను. బయటికి రావాలంటే రెండు అద్దాల తలుపుల మధ్య చిన్న అరలో ఒక్కొక్కరే నిలబడాలి. వెనక తలుపు మూసుకున్నాకే ముందుది తెరుచుకుంటుంది. వెనకది మూసుకుంది. ముందుది కదల్లేదు.

అద్దానికి అవతల డ్వైట్, చేతుల్లో రెండు కాఫీ కప్పులతో. మోచేత్తో మైకు మీట నొక్కాడు.

"నడీన్, ఇద్దరు ఒకేసారి దూరితే ఎలా తెరుచుకుంటుంది? ముందు ఆవిడని వెనక్కి వెళ్లమనండి."

నేను అద్దానికి ఇంకా దగ్గరగా జరిగాను.

"ఎవరావిడ? పాపం, జుట్టంతా మంచేంటి?"

వెనక్కి తిరగలేదు నేను. నా మెడ మీద ఏదో చుక్క పడింది... నెమ్మదిగా వీపు మీదికి జారింది.