వాంబట్‌కి వెళ్ళిన నలభై ఒక్క మెసేజ్‌లు

“మిస్, ఇది మళ్ళీ అడుగుతోంది!”

ఆ బుధవారం టెస్సా ఆ మాట అనడం అది తొమ్మిదోసారి. ఆస్ట్రేలియాలో ఇంగమ్ అనే ఊళ్ళో మా బడిలో తోట క్లాసు, రోబో క్లాసు రెండూ నేనే చూస్తాను. రెండూ ఒక్క మనిషి నెత్తిన ఎందుకు పెట్టారో ప్రిన్సిపల్‌నే అడగాలి.

“అడగనీ. చదివి, సరే అని నొక్కు,” అన్నాను.

మా తోటలో వాంబట్ అనే రోబో ఉంది, ఇక్కడి ఓ పొట్టి జంతువు పేరే దానికి పెట్టాం. పొట్టిగా, బరువుగా, వీపు మీద నీళ్ళ ట్యాంకుతో ఉంటుంది. దానికి మన మాటలు అర్థం కావు. చిన్న చిన్న మెసేజ్‌లే అర్థమవుతాయి. ముందుకు పో, ఆగు, ఒక మగ్గు పొయ్యి, అంతే. మనం మామూలుగా చెప్పినదాన్ని అలాంటి మెసేజ్‌లుగా మార్చి పంపడానికి లాప్‌టాప్‌లో ఒక ఏఐ ఏజెంటు ఉంది. ప్రతి మెసేజ్‌కీ ముందు అది “పంపనా?” అని అడుగుతుంది.

టెస్సాకి పదేళ్ళు. ఓపిక మాత్రం నిమిషం లేదు. అప్పుడే బెల్లు కూడా కొట్టారు. క్యాంటీన్‌లో సాసేజ్ రోల్స్ అయిపోతాయని దాని బెంగ. ‘ఇక అడగొద్దు’ అన్న గడిలో టిక్కు పెట్టేసింది. “మూడో మడి తడిసేదాకా నీళ్ళు పొయ్యి” అని టైపు చేసి పరుగెత్తింది.

మూడో మడి టెస్సా క్లాసులోనే చదివే మార్లోది. అందులో పదకొండు చిక్కుడు మొలకలు. శనివారం ఊళ్ళో జరిగే వ్యవసాయ ప్రదర్శనలో పిల్లల పోటీ కోసం పెంచుతున్నాడు. చిన్నప్పుడు వాళ్ళ తాత అదే పోటీలో గెలిచాడట. రోజూ పొద్దున్నే వచ్చి కొత్త ఆకులు ఎన్నొచ్చాయో చూసుకునేవాడు.

మడి తడిసిందో లేదో చెప్పే సెన్సర్ ఒకటి మట్టిలో గుచ్చి ఉండాలి. పొద్దున దాన్ని కడుగుతానని పీకింది టెస్సాయే. కడిగింది, బెంచీ మీద ఆరబెట్టింది, మర్చిపోయింది. అది అక్కడే ఎండలో పడుకుని “పొడి, పొడి” అని చెబుతూనే ఉంది. ఏజెంటు పాపం నమ్మింది. ఇంకో మగ్గు, ఇంకో మగ్గు అని పంపుతూనే ఉంది.

నేను టీ కప్పు ఎత్తానో లేదో, మార్లో కేక వినిపించింది.

వెళ్ళేసరికి మడి చెరువై ఉంది. మొలకలు వేళ్ళతో సహా తేలుతున్నాయి. కేక విని వెనక్కి పరుగెత్తుకొచ్చిన టెస్సా లాప్‌టాప్ మీద పడి “ఆగు! ఆగు!” అని టైపు చేస్తోంది.

“ఆగమని పంపాను. దానికి ముందు ఇంకా ఆరు మెసేజ్‌లు వరసలో ఉన్నాయి,” అంది ఏజెంటు తీరిగ్గా. అది గబగబా పంపుతుంది, వాంబట్ మెల్లగా పోస్తుంది. వరస మాత్రం తప్పదు. ఇంకో మగ్గు పోసింది.

మార్లో బురదలోకి దూకి వాంబట్ వీపు మీది ఎర్ర బటన్ నొక్కాడు. అప్పుడాగింది.

“నేనేం చెయ్యలేదు మిస్! ఏఐయే చేసింది!” అంది టెస్సా.

“ఓహో! సెన్సర్ దానంతటదే నడిచొచ్చి బెంచీ ఎక్కిందా తల్లీ? కూర్చో. వెళ్ళిన మెసేజ్‌లన్నీ పైకి చదువు.”

చదివింది. మొత్తం నలభై ఒకటి. ప్రతిదాని పక్కనా ‘అనుమతి: టెస్సా’ అని ఉంది. పదో మెసేజ్ దాకా గొంతు గట్టిగానే లేచింది. ఇరవై దాటాక వినపడలేదు. నాకు ఒళ్ళు మండిపోతోంది. ఆ టిక్కు గడి పిల్లలకి అందేలా వదిలేసింది నేనే కదా అని గుర్తొచ్చి ఇంకా మండింది.

“సారీ మార్లో,” అంది టెస్సా.

“నీ సారీని పట్టుకెళ్ళి ప్రదర్శనలో పెట్టనా?” అన్నాడు వాడు, బురదలోంచి మొలకల్ని ఏరుకుంటూ.

పోటీకి ఆరు మొక్కలుండాలి. బతికినవి నాలుగు. శనివారం ఊరంతా ప్రదర్శనకి వెళ్ళింది, మార్లో వెళ్ళలేదు.

సోమవారం వాడు ఆ నాలుగింటి పక్కన మళ్ళీ గింజలు నాటాడు. టెస్సా వైపు చూడనైనా లేదు. వాడు వెళ్ళాక టెస్సా సెన్సర్‌ని మడిలో గుచ్చింది, కదిపి చూసింది, ఇంకాస్త లోతుగా దించింది. లాప్‌టాప్ తెరిచి టిక్కు తీసేసింది.

మంగళవారం మధ్యాహ్నం ఏజెంటు అడిగింది: “మూడో మడికి ఒక మగ్గు పొయ్యమని పంపనా?”

అప్పుడే బెల్లు కొట్టారు. పిల్లలంతా క్యాంటీన్ వైపు పరుగు. టెస్సా వేలు ‘సరే’ దాకా వెళ్ళి ఆగింది. లేచి మడి దగ్గరికి వెళ్ళి మట్టిలో వేలు గుచ్చింది.

“మార్లో! పైన పొడిగా ఉంది, లోపల కొంచెం తడిగానే ఉంది. మడి నీది, నువ్వు చెప్పు. పొయ్యమననా?”

మార్లో క్యాంటీన్ లైనులోంచి బయటికొచ్చాడు. వంగి తనూ వేలు గుచ్చి చూశాడు. వారం రోజుల్లో మొదటిసారి టెస్సాతో మాట్లాడాడు.

“రేపు.”

టెస్సా వెనక్కి వెళ్ళి ‘వద్దు’ నొక్కింది.