నాన్న మూతి మీద గ్రాఫు

ఒక బుధవారం సాయంత్రం కూతుర్ని ట్యూషన్‌లో దింపడానికి వచ్చిన ఒక తండ్రి మూతి చూశాక, లెక్కల టీచరమ్మకు మొదటిసారి అనుమానం వచ్చింది. ఆయన మీసం మధ్యలో చీలి, రెండు ముక్కలూ అలిగిన మొగుడూ పెళ్ళాల్లా చెరోవైపు తిరిగి ఉన్నాయి. ముందురోజు ఆమె చెప్పిన పాఠం హైపర్‌బోలా.

అంతకుముందు వారం పారాబోలా చెప్పిన మర్నాడు కూరగాయల కొట్టాయన మీసం గిన్నెలా పైకి వంగింది. సైన్ కర్వు చెప్పాక బ్యాంకు మేనేజరు మూతి మీద అలలు లేచాయి.

ట్యూషన్ జరిగేది మేడ మీది గదిలో. గోడకు పెద్ద టీవీ, దానికి కంప్యూటరు. సమీకరణం టైపు చేస్తే చాలు, తెర మీద గీత దానంతటదే వచ్చేస్తుంది. పక్కనున్న స్లైడర్‌ని అటూ ఇటూ జరిపితే ఆ గీత సాగుతుంది, ముడుచుకుంటుంది, తలకిందులవుతుంది. పిల్లలు సినిమా చూసినట్టు చూస్తారు. ఆ సాయంత్రం ఆమె కిటికీలోంచి తొంగిచూస్తే, పిల్లలకంటే శ్రద్ధగా చూస్తున్న శాల్తీ ఒకటి కనిపించింది. రోడ్డుకవతల మేడ మీది సెలూన్‌లో, చేతిలో దువ్వెనతో!

చెప్పులేసుకుని రోడ్డు దాటింది.

"ఏవండీ! నా పాఠాలు జనం మూతులకు ఎక్కిస్తున్నారా?"

సెలూన్ అతను కత్తెర కింద పెట్టాడు. "పాఠాలా? రోజుకో కొత్త మోడల్ పెడుతున్నారు, ఎవరో పుణ్యాత్మురాలు మన షాపు కోసమే అనుకున్నా మేడమ్."

"మేనేజరుగారి మూతి మీదున్నది సైన్ కర్వు!"

"అదా సంగతి! అందుకే అంత నప్పింది. ఆయనది పొద్దస్తమానం సైన్ చేసే ఉద్యోగం కదండీ."

నవ్వు దాచుకోవడానికి ఆమె గోడవైపు తిరిగింది. గోడంతా అద్దమే. నవ్వు అతనికి ఇంకా బాగా కనిపించింది.

"సర్లెండి, కనీసం సరిగ్గా గీయండి. కొట్టాయన పారాబోలా ఎడమవైపు జారిపోయింది."

"జారింది మీసం కాదు మేడమ్, ఆయన మొహం."

"ముక్కుని వై యాక్సిస్ అనుకోండి. దానికి రెండువైపులా సమానంగా రావాలి."

"ముక్కే వంకరైతే?"

ఎమ్మెస్సీలో ఆమెకు ఆ సంగతి ఎవరూ చెప్పలేదు.

మర్నాటి నుంచి, షాపు ఖాళీగా ఉండే మధ్యాహ్నం వేళ, అతను గ్రాఫులు నేర్చుకోవడానికి రావడం మొదలైంది. మొదటిరోజే స్లైడర్‌ని మైనస్‌లోకి లాగాడు. పైకి నవ్వుతున్న పారాబోలా బోర్లా పడింది.

"అరెరే! పెళ్ళికొడుకు కాస్తా పరామర్శకొచ్చినవాడైపోయాడు!"

ఆమె పడీ పడీ నవ్వింది. ఉన్నది ఒకటే మౌసు. దాని మీద రెండు చేతులూ పడ్డప్పుడు గీత ఎటు పోయిందో ఇద్దరూ చూసుకోలేదు. ఒకరోజు వాన పట్టుకుంది. "తగ్గాక వెళ్తా" అన్నాడు. వాన ఎప్పుడో తగ్గింది. ఆ మాట ఎవరూ ఎత్తలేదు. అసలు మాట కూడా ఎవరూ ఎత్తలేదు.

ఇంతలో టీచరమ్మ నాన్న ఒక కబురు తెచ్చాడు. ఆయన రిటైరైన స్టేషన్ మాస్టరు. ఆయన మీసం చూసి రైళ్ళు కూడా టైముకి వచ్చేవని ఆయన నమ్మకం.

"ఆదివారం సాయంత్రం నా స్నేహితుడి ఇంటివాళ్ళు పెళ్ళిచూపులకి వస్తున్నారమ్మా. అబ్బాయి ఇంజనీరు. చూడు, నచ్చకపోతే వద్దు."

సెలూన్ అతని సంగతి నాన్నతో చెప్దామన్నా ఎలా? అవతలివాడు ఏదైనా అంటే కదా చెప్పడానికి! ఆదివారం పొద్దున్నే మేడెక్కి, హృదయం ఆకారం వచ్చే సమీకరణం టైపు చేసి, దానికి ఎర్రరంగు నింపి, టీవీని కిటికీకేసి తిప్పింది. ఇంత పెద్ద గుండె చూసి కూడా అర్థం చేసుకోని మనిషి ఉంటాడా?

ఉన్నాడు.

సాయంత్రం అతిథులు హాల్లో టీ తాగుతుంటే, మీసం దిద్దించుకోవడానికి సెలూన్‌కి వెళ్ళిన నాన్న తలుపు తీసుకుని హుందాగా లోపలికొచ్చాడు. అక్కడ కుర్చీలో కునుకు తీసి, కళ్ళజోడు జేబులో పెట్టుకుని అలాగే వచ్చేశాడు. ముక్కు కింద ఆ చివరా ఈ చివరా మీసం లేదు. మధ్యలో మాత్రం నల్లగా, బొద్దుగా ఒక గుండె.

స్నేహితుడి చేతిలో కప్పు ఆగిపోయింది. ఇంజనీరు ముందు దగ్గాడు, తర్వాత సోఫా మీంచి జారేదాకా నవ్వాడు. "ఎవరి కోసం అంకుల్?"

నాన్న కళ్ళజోడు పెట్టుకుని అద్దం చూసుకున్నాడు. అతిథులు "మళ్ళీ వస్తాం" అని గబగబా మెట్లు దిగిపోయారు. నాన్న బాల్కనీలోకి వెళ్ళి అరిచాడు. "ఏమయ్యా! ఇలా రా!"

సెలూన్ అతను కత్తెరతో సహా పరిగెత్తుకొచ్చాడు. కళ్ళు ఎర్రగా ఉన్నాయి.

"ఏమిటిది?"

"ఇవాళ్టి మోడల్ సార్. అమ్మాయిగారికి సంబంధం వస్తోందని మీరే చెప్పారు కదా. అటు చూస్తే తెర నిండా గుండె. మేడమ్ సంతోషం పట్టలేక మీకోసం పెట్టారనుకున్నా." అతను మోచేత్తో కళ్ళు తుడుచుకున్నాడు. "ఏడుపొచ్చింది సార్. అయినా కొలత తప్పలేదు, కావాలంటే చూసుకోండి."

"మొద్దు మనిషీ!" అంది టీచరమ్మ. "అది మోడల్ కాదు. మీకోసం పెట్టాను!"

"నాకు మీసం లేదు కదా మేడమ్?"

"మీసానికి కాదు! మీకు!"

అతని చేతిలోంచి కత్తెర కింద పడింది.

"బాగుంది వరస" అన్నాడు నాన్న. "మీరూ మీరూ చెప్పుకోవాల్సింది నా మూతి మీదా?"

నాన్న మళ్ళీ అద్దం దగ్గరికి వెళ్ళి, మొహం కుడికీ ఎడమకీ తిప్పి చూసుకున్నాడు. చాలాసేపు చూసుకున్నాడు.

"వాడు నన్ను చూసి నవ్వాడు. ఇతను ఏడుస్తూ కూడా పని చెడగొట్టలేదు. నీకిష్టమేనా అమ్మా?"

"ఇష్టమే నాన్నా."

"అయితే ఏమయ్యా, ముందు ఇది తీసెయ్. మీసం లేకుండా పెళ్ళి ఫొటోల్లో నిలబడను. పూర్తిగా పెరిగాకే పెళ్ళి."

"రెండు నెలలు చాలు సార్!"

"నాది ఒత్తు మీసం. ఆరు నెలలు."

మర్నాటి నుంచి కాబోయే అల్లుడు నూనె సీసాతో పొద్దునొకసారి, సాయంత్రం ఒకసారి దిగబడి, ఆయన మూతికి మర్దన చేసి, వెలుతుర్లోకి తిప్పి చూసి "మామయ్యా, ఇవాళ కాస్త లేచిందండీ" అనేవాడు. టీచరమ్మ టీ పట్టుకొచ్చి గుమ్మంలో నిలబడేది, టీ చల్లారిపోయేదాకా.

పదో రోజున నాన్న కళ్ళు మూసుకునే అన్నాడు. "అమ్మాయ్, వచ్చే నెలలోనే పెట్టేసుకుందాం. ఫొటోల్లో ఎలా ఉంటే అలా ఉంటాను. వీడి నూనె నేను భరించలేను."